తిన్నింటి వాసాలు

గత శీతాకాల సమావేశాల రోజుల్లో ఒక బుధవారం సాయంత్రం పార్లమెంటు నుంచి తిరిగి వస్తుండగా ఫోనులో ఒక సందేశం వచ్చింది. "ఏరా, శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నరకు ఖాళీయేనా? డిఫెన్స్ కాలనీ మార్కెట్లో మేడమీద ఒక చిన్న హోటల్ ఉంది. పహాడీ వంటలు. బాగుంటాయి. ఎవరూ రారు."

చివరి రెండు మాటల దగ్గర నా చూపు ఆగిపోయింది. హోటల్ గురించి చెప్పేవాడెవడైనా అక్కడికి ఎవరూ రారన్నది లోపంగా చెబుతాడు. నా మిత్రుడు దాన్ని గుణంగా చెప్పాడు. ఢిల్లీలో రాజకీయ వార్తలు రాసి బతికేవారికి ఈ భాష కొత్తది కాదు. కానీ నాకు ఆ భాషలో సందేశం పంపినవాడు వీడు కావడమే కొత్త.

ఇరవై ఏళ్ల కిందట మునీర్కాలో ఒకే గదిలో అద్దెకున్నాం. వాడిది వరంగల్ వైపు, నాది గుంటూరు వైపు. నెలాఖరున ఎవరి దగ్గర డబ్బులుంటే వాళ్లు అద్దె కట్టేవాళ్లం. ఆదివారం వస్తే అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్ ముందు వరుసలో నిలబడి బిర్యానీ తినేవాళ్లం. ఉద్యమం ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో కూడా మా వాదులాట ఆ వరుసలోనే మొదలై, అన్నం వడ్డించేసరికి ముగిసేది. మా అమ్మాయి పుట్టిన రాత్రి ఆసుపత్రి వరండాలో తెల్లవార్లూ నా పక్కన కూర్చున్నవాడు వాడే. తర్వాత వాడు పత్రికోద్యోగం వదిలి ఒక పార్టీలో పత్రికా వ్యవహారాలు చూసే పనిలో చేరాడు. ఏ పార్టీ అన్నది ఇక్కడ అప్రస్తుతం. పార్టీ పేరు మార్చినా ఈ కథలో ఒక్క వాక్యం కూడా మారదు.

ఇంటికి వెళ్లి విషయం చెప్పాను. పదకొండో తరగతి చదువుతున్న మా అమ్మాయి వెంటనే ఫోను తీసి హోటల్ వివరాలు వెతికింది. "నాన్నా, దీనికి నలభై సమీక్షలు కూడా లేవు. ఫొటోలన్నీ చీకటిగా ఉన్నాయి. అంత ఖరీదైన చోట ఉండి కూడా ఎవరికీ తెలియలేదంటే ఏదో లోపం ఉండే ఉంటుంది" అంది. దాని తర్కం నిర్దుష్టమైనదే. ఊరు పేరు తెలియని పేటలో పేరులేని హోటల్ ఉండటం సహజం. డిఫెన్స్ కాలనీలాంటి చోట, నెల అద్దె లక్షల్లో ఉండే వీధిలో, పేరు లేకుండా ఒక హోటల్ నడుస్తోందంటే సందేహించవలసిందే. మా ఆవిడ మాత్రం సమీక్షల జోలికి పోలేదు. "బిల్లు ఎవరు కడతారు?" అని ఒకే ప్రశ్న అడిగి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఈ రెండు ప్రశ్నల మధ్య నేను రెండు రోజులు గడిపాను. ఒక పూట భోజనానికి ఇంత ఆలోచనా అని పాఠకులు నవ్వుకోవచ్చు. అందుకే ఈ నగరంలో ఎక్కడ తింటున్నామన్న దానికి ఉన్న అర్థం ముందు చెప్పాలి.

ఢిల్లీలో రాజకీయ నాయకులు, అధికారులు, పాత్రికేయులు తినే చోట్లను స్థూలంగా రెండు రకాలుగా విడదీయవచ్చు. కనబడటానికి వెళ్లేవి, కనబడకుండా ఉండటానికి వెళ్లేవి. మొదటి దానికి ఖాన్ మార్కెట్ ప్రసిద్ధం. దేశవిభజనలో వాయవ్య సరిహద్దు రాష్ట్రం నుంచి కట్టుబట్టలతో వచ్చిన శరణార్థుల కోసం 1951లో దాన్ని ఏర్పాటు చేశారు. కింద దుకాణం, పైన ఇల్లు. సరిహద్దు గాంధీ అన్నగారైన ఖాన్ అబ్దుల్ జబ్బార్ ఖాన్ పేరు దానికి పెట్టారు. కాందిశీకుల అంగడి కాలక్రమంలో దేశంలోకెల్లా ఖరీదైన వ్యాపార వీధి అయింది. 2019 ఎన్నికల వేళ ఒక ఆంగ్ల పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో ప్రధాని నరేంద్ర మోదీ "ఖాన్ మార్కెట్ ముఠా" అన్నాక అది అంగడి పేరుగా మిగలక ఒక వర్గానికి పేరైంది. తమాషా ఏమిటంటే, ఆ మాటను చప్పట్లతో స్వాగతించిన పక్షం వాళ్లను కూడా నేను అక్కడి కాఫీ బల్లల దగ్గర చూస్తూనే ఉన్నాను. అధికారం మారితే బల్లల చుట్టూ కూర్చునేవాళ్లు మారతారు, బల్లలు మారవు.

డిఫెన్స్ కాలనీ కథ కూడా విభజనతోనే మొదలవుతుంది. పాకిస్తాన్‌లో ఆస్తులు పోగొట్టుకున్న సైనికాధికారులకు ఇళ్ల స్థలాలిచ్చి కట్టిన కాలనీ అది. విశ్రాంత అధికారుల ఒంటి మేడలు పోయి ఇప్పుడు నాలుగంతస్తుల భవనాలు వచ్చాయి. మార్కెట్ కూడా కింద దుకాణం, పైన నివాసం అన్న పద్ధతిలోనే కట్టినది. ఆ పై అంతస్తులే తర్వాత హోటళ్లూ దుకాణాలూ అయ్యాయి. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు నియమించిన పర్యవేక్షణ సంఘం ఆదేశాలతో ఈ ఒక్క మార్కెట్లోనే 51 దుకాణాలకు సీళ్లు పడ్డాయి. నివాస భాగాన్ని వ్యాపారానికి మార్చుకున్నందుకు కట్టవలసిన రుసుము కట్టలేదన్నది అభియోగం. ఆ రోజుల్లో వార్త కోసం నేనూ అక్కడికి వెళ్లాను. తలుపుల మీద తెల్లకాగితాలు, మెట్ల మీద కూర్చున్న వంటవాళ్లు ఇప్పటికీ గుర్తున్నారు. అలాంటి మెట్లు ఎక్కి చేరుకోవలసిన హోటల్‌కు బోర్డు చిన్నదిగా ఉన్నా, సమీక్షలు తక్కువగా ఉన్నా అది వంట లోపమే కానక్కరలేదని మా అమ్మాయికి చెప్పాను. పేరు తెలియకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. ఖర్చుపెట్టి ప్రచారం చేసుకునే స్తోమత లేకపోవడం అందులో ముఖ్యమైనది. ఫోను తెర మీది నక్షత్రాలకన్నా, గోడమీద ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉందా లేదా చూడటం మేలు.

కాబట్టి హోటల్ గురించి నాకు అభ్యంతరం లేదు. సంకోచమంతా ఆ బల్ల దగ్గర నాకోసం ఎదురుచూసే సంభాషణ గురించే.

మన రాజకీయాల్లో భోజనం భోజనం కోసమే జరిగిన సందర్భాలు తక్కువ. 1999 మార్చి 29న అశోకా హోటల్లో సుబ్రహ్మణ్యస్వామి ఇచ్చిన తేనీటి విందుకు సోనియా గాంధీ, జయలలిత ఇద్దరూ వచ్చారు. మూడు వారాలైనా తిరక్కుండానే, ఏప్రిల్ 17న, వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో కూలిపోయింది. 2023 సెప్టెంబరులో జి-20 అతిథులకు రాష్ట్రపతి ఇచ్చిన విందు జరగకముందే దాని ఆహ్వానపత్రం దేశమంతటా వాదోపవాదాలు రేపింది. "ప్రెసిడెంట్ ఆఫ్ భారత్" అన్న మాటలే అందుకు కారణం. విందులో ఏం వడ్డించారన్నది ఆ గోలలో చాలామంది పట్టించుకోలేదు. ఇవి రెండూ కెమెరాల ముందు జరిగిన విందులు. ఎవరు వచ్చారో, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో దేశం చూసింది. చూసినదాన్నిబట్టి ప్రశ్నలు అడగగలిగింది. ఎవరూ రాని మేడమీద హోటల్లో జరిగేదానికి అలాంటి సాక్ష్యం ఉండదు.

అలాగని చాటుమాటు కలయికలన్నీ తప్పని నేను అనలేను. అంటే నా వృత్తినే కాదన్నట్టు. చాలా ఏళ్ల కిందట ఒక మంత్రిత్వశాఖలో కిందిస్థాయి ఉద్యోగి ఒకాయన నాకు ఒక ఫైలు సంగతి చెప్పాలనుకున్నాడు. కార్యాలయానికి దూరంగా, రింగ్ రోడ్డు పక్కన లారీడ్రైవర్లు ఆగే ధాబాలో కలిశాం. ఆయన చేయి వణుకుతూ ఉంది. టీ తాగాక నేను జేబులో చేయిపెడితే వారించి, "నా టీకి నేనే ఇస్తాను సార్. రేపు ఎవరైనా అడిగితే మీ దగ్గర టీ కూడా తాగలేదని చెప్పాలి" అన్నాడు. ఆ ధాబా చీకటి ఆయన ఉద్యోగాన్ని కాపాడింది. ఆయన పేరు ఇప్పటికీ నా సంపాదకుడికి తప్ప మూడోవాడికి తెలియదు.

ఆ ధాబా చీకటికీ, డిఫెన్స్ కాలనీ మేడమీది చీకటికీ తేడా ఏమిటని ఆ రెండు రోజులూ ఆలోచించాను. తేడా ఒక్కటే. ఆ చీకటి ఎవరిని ఎవరినుంచి కాపాడుతోంది అన్నదే. అధికారం నుంచి బలహీనుడిని కాపాడే చాటు పాత్రికేయానికి ఊపిరి. పాఠకుడి కంట పడకుండా అధికారాన్ని కాపాడే చాటు పాత్రికేయానికి ఉరి. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. రెండింటిలోనూ మూల బల్ల ఉంటుంది, బోర్లించిన ఫోన్లు ఉంటాయి, "ఇది మన మధ్యే" అన్న మాట ఉంటుంది.

నా మిత్రుడికి ఆ వారమే నేను ఎందుకు గుర్తొచ్చానో ఊహించడం కష్టం కాదు. మా కార్యాలయంలో ఒక యువ విలేకరి నాలుగు నెలలుగా ఒక ప్రభుత్వ కాంట్రాక్టు వ్యవహారం తవ్వుతోంది. ఆ కాగితాల చివర వాళ్ల నాయకుడి బంధువు పేరు ఉంది. ఆమెకు సమాచారం ఇచ్చినవాళ్లు ఇద్దరు. ఇద్దరూ చిన్న ఉద్యోగులే. వాళ్లెవరో నాకు తెలుసు. నేను ఆ రాత్రి నోరు విప్పకుండా కేవలం రొట్టె, కూర తిని వచ్చినా, మర్నాడు "నిన్న మీవాడితో కలిసి భోంచేశాను" అని వాడు ఒక్కచోట అంటే చాలు. ఆ మాట ఆ ఇద్దరి చెవిన పడటానికి ఒక పూట పట్టదు. నాలుగు నెలల పని, ఇద్దరు మనుషుల ధైర్యం, ఒక యువ పాత్రికేయురాలికి మా మీదున్న నమ్మకం నా పళ్లెంలో ఉన్నాయి.

మన భాషలో ఒక సామెత ఉంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని. అన్నం పెట్టినవాడి ఇంట్లో కూర్చుని పైకప్పు వాసాలు లెక్కపెట్టడం, అంటే వాడి గుట్టుమట్లు ఆరా తీయడం, ద్రోహమని పెద్దలు చెప్పారు. ఎంత ఆలోచించినా ఆ నీతితో నాకు పేచీ లేదు. కానీ నా ఉద్యోగమే వాసాలు లెక్కపెట్టడం. ఏ వాసం పుచ్చిపోయిందో, ఏ దూలం ఎవరి తోటలోంచి కొట్టుకొచ్చిందో పాఠకులకు చెప్పడానికే పత్రిక నాకు జీతం ఇస్తోంది. లెక్కపెట్టడం మానలేను గనుక తినడం మానాలి. కానుకలూ ఆతిథ్యాలూ స్వీకరించవద్దని ప్రెస్ కౌన్సిల్ ప్రవర్తనా నియమాలు చెప్పేదీ ఇంచుమించు ఇదే. మా ఆవిడ అడిగిన ఒక్క ప్రశ్నలో ఆ నియమాలన్నీ ఇమిడి ఉన్నాయి.

అయితే నియమం చెప్పినంత తేలిగ్గా మనసు వినదు. ఆసుపత్రి వరండాలో తెల్లవార్లూ కూర్చున్నవాడికి, మునీర్కా గదిలో నా జ్వరానికి గంజి కాచి ఇచ్చినవాడికి, రానని ఎలా చెప్పడం? వాడు నిజంగానే ఊరికే పిలిచి ఉంటే? పని ఉన్నప్పుడే కలిసే ఈ నగరంలో పనిలేకుండా పలకరించాలని ఒక మిత్రుడికి అనిపించి ఉంటే, నా అనుమానం వాడికి ఎంత అవమానం?

గురువారం రాత్రి జవాబు రాశాను. "ఆదివారం మధ్యాహ్నం ఆంధ్రా భవన్‌కు వెళ్దాంరా. బిర్యానీ తిని చాలా రోజులైంది."

వెంటనే ఫోను మోగింది. నవ్వుతున్నాడు. "అక్కడ తెలుగువాళ్లందరూ చూస్తార్రా. అదీగాక అది ఇప్పుడు మీ భవన్, మాది కాదు. పంపకాలు అయిపోయాయిగా" అన్నాడు. భవన్ ఆస్తులు 2024లో రెండు రాష్ట్రాలూ పంచుకున్న మాట నిజమే. క్యాంటీన్లో పప్పు మాత్రం ఇంకా ఎవరూ పంచుకోలేదన్నాను. ఇద్దరం నవ్వాం. తర్వాత నేను చెప్పవలసింది చెప్పాను. "శుక్రవారం వస్తాను. రెండు షరతులు. నిన్ను కలుస్తున్నట్టు ముందే మా సంపాదకుడికి చెబుతాను. నా సగం బిల్లు నేను కడతాను."

ఫోనులో కొంతసేపు వాహనాల చప్పుడు మాత్రమే వినబడింది. "నా మీద నమ్మకం లేదారా?" అన్నాడు చివరకు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది. "నీ మీద ఉంది. నీ ఉద్యోగం మీద లేదు. నా ఉద్యోగం మీద నీకూ ఉండకూడదు" అన్నాను. "సరే అయితే, ఇంకోసారి చూద్దాంలే" అని పెట్టేశాడు.

విషయం అక్కడితో ముగియాలి. కానీ శుక్రవారం సాయంత్రం మా అమ్మాయే "ఆ హోటల్ ఎలా ఉంటుందో చూద్దాం నాన్నా" అంది. రెండు రోజులుగా ఆ పేరు ఇంట్లో అంతగా నలిగింది. మెట్రోలో లాజ్‌పత్ నగర్‌లో దిగి, ఆటో ఎక్కి, ముగ్గురం వెళ్లాం. ఇరుకైన మెట్లు, చిన్న బోర్డు, పది బల్లలకు మించని గది. గోడమీద లైసెన్సు కాగితం చక్కగా అద్దం కట్టించి ఉంది. మా అమ్మాయి ముందు దాన్నే చూసి వచ్చింది.

వంటల జాబితా తెరిస్తే పేర్లు తెలియనివి, సరుకులు తెలిసినవి. మండువా రొట్టె అంటే రాగి రొట్టె. గహత్ దాల్ అంటే ఉలవలు. ఝంగోరా ఖీర్ అంటే ఊదల పాయసం. జి-20 విందులో ప్రపంచ నాయకులకు వడ్డించిన పాయసం కూడా ఊదలదే. హిమాలయాల అంచున బతికేవాడూ, పల్నాటి మెట్టలో బతికేవాడూ వాననీటి సేద్యంతో ఒకే గింజలు పండించుకుని, ఒకే రకంగా కడుపు నింపుకున్నారన్నమాట. రాగి రొట్టెను నెయ్యితో, జనపగింజల్లాంటి భాంగ్ గింజల పచ్చడితో తిన్నాం. ఉలవల పప్పు మా అమ్మ చేసే ఉలవచారంత చిక్కగా లేదు గానీ, ఆ వాసన తగలగానే మా ఊరి వంటిల్లు గుర్తొచ్చింది.

బల్లలన్నీ దాదాపు ఖాళీ. యజమాని, యాభై దాటిన మనిషి, మా దగ్గరకొచ్చి నిలబడ్డాడు. పౌడీ జిల్లావాడు. తన ఊళ్లో ఇప్పుడు ముసలివాళ్లు తప్ప ఎవరూ లేరన్నాడు. ఉత్తరాఖండ్ వలసల కమిషన్ 2018 నివేదిక గుర్తొచ్చింది. 2011 తర్వాత 734 పల్లెలు పూర్తిగా నిర్మానుష్యం అయ్యాయని అది లెక్కతేల్చింది. ఆ రాష్ట్ర రాజకీయాల గురించి నేను ఎన్నో వ్యాసాలు రాశాను. ఆ సంఖ్యనూ ఉటంకించాను. ఆ ఊళ్లలో పండిన ఉలవల రుచి మాత్రం అప్పుడే మొదటిసారి చూశాను.

"ఇంత బాగా వండుతున్నారు, జనం ఎందుకు రారు?" అని మా ఆవిడ అడిగింది. "పెద్ద పెద్దవాళ్లు వస్తారమ్మా" అన్నాడాయన. "కానీ వాళ్లు తినడానికి రారు, కూర్చోవడానికి వస్తారు. రెండు కాఫీలు తాగి మూడు గంటలు మాట్లాడుకుంటారు. పక్కబల్లకు ఎవరైనా వస్తే వాళ్లకు నచ్చదు." తర్వాత కిటికీ పక్కన ఉన్న మా బల్ల చూపించి, "ఇదీ ఈ రాత్రికి ముగ్గురికని ముందే చెప్పి ఉంచారు. మధ్యాహ్నం ఫోను చేసి వద్దన్నారు. మీరూ ముగ్గురే కదా, అందుకని ఇక్కడ కూర్చోబెట్టాను" అన్నాడు.

మా ఆవిడ నా వైపు చూసింది. నేను ఏమీ అనలేదు. ఆ బల్ల చెప్పి ఉంచింది నా మిత్రుడేనని రుజువేమీ లేదు. ఆ మూడోవాడెవరో, అసలు ఉన్నాడో లేడో నాకు తెలియదు. రుజువు లేనిదాన్ని పత్రికలో రాయనివాణ్ని మనసులో రాసుకోవడం ఎందుకని ఊరుకున్నాను. కానీ ఆ రాత్రి పాయసం తింటున్నంతసేపూ, మూడో కుర్చీలో కూర్చుని సమీక్ష రాసుకుంటున్న మా అమ్మాయి వైపు మాటిమాటికీ చూశాను.

బిల్లు వచ్చింది. 5 శాతం జీఎస్టీ తప్ప అదనంగా సేవా రుసుము ఏదీ వేయలేదు. పెద్ద పెద్ద హోటళ్లు ఆ రుసుము కోసం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లి 2025 మార్చిలో ఓడిపోయాయి. ఈయన అసలు అడగనేలేదు. పూర్తి బిల్లు నేనే కట్టాను. ఈ మధ్య నేను ఇంత నిశ్చింతగా కట్టిన బిల్లు మరొకటి లేదు.

మూడు వారాల తర్వాత మా యువ విలేకరి కథనం మొదటి పేజీలో వచ్చింది. ఆమెకు సమాచారం ఇచ్చిన ఇద్దరూ క్షేమంగా ఉన్నారు. నా మిత్రుడు ఆ ఉదయం టీవీ చర్చలో ఆ కథనాన్ని తీవ్రంగా ఖండించాడు. అది వాడి ఉద్యోగం. ఆ తర్వాత మళ్లీ ఫోను చేయలేదు. సంక్రాంతికి నేను పంపిన సందేశానికి జవాబుగా ఒక నమస్కారం గుర్తు మాత్రం వచ్చింది. నేను చేసింది సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. సరైన పని చేసినందుకు ఏమీ పోగొట్టుకోలేదని మాత్రం అనలేను.

ఆ హోటల్‌కు తర్వాత మరో రెండుసార్లు వెళ్లాం. మా అమ్మాయి రాసిన సమీక్ష చదివి ఆమె స్నేహితులూ వెళ్తున్నారు. మొన్న వెళ్లేసరికి నాలుగు బల్లలు నిండి ఉన్నాయి. ఒక పసివాడు కుర్చీ ఎక్కి గోల చేస్తున్నాడు. యజమాని ముఖంలో సంతోషం కనబడింది. ఇక అక్కడ రహస్యాలు మాట్లాడుకోవడం కుదరదు.

నా మిత్రుడు ఎప్పుడైనా ఇది చదివితే, ఒక్క మాట. ఆదివారాలు ఆంధ్రా భవన్‌లో వరుస ఇంకా పొడుగ్గానే ఉంటోంది. చెరి సగం వేసుకుందాం. ఎవరు చూసినా ఫరవాలేదు.